వెన్ గారు వద్దన్న జెండా

ముప్పై ఒక్కేళ్ళు హైదరాబాదు సచివాలయంలో ప్రోటోకాల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఏ అతిథికి ఎన్నో కుర్చీ, ఎవరి మెడలో ముందు దండ పడాలి, ఏ దేశం జెండా ఏ పక్కన ఉండాలి, ఇదే నాకు తెలిసిన విద్య. ఈ విషయాల్లో నన్ను తప్పుపట్టినవాడు లేడని మొన్నటిదాకా కాస్త పొగరుగానే చెప్పుకునేవాణ్ణి. సింగపూర్లో పన్నెండు రోజులుండి వచ్చాక మానేశాను. అక్కడ నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా చేసిన ఒక పనివల్ల ఒక పెద్దమనిషి ఉద్యోగం పోయేది, లేదా ఆయన ఎన్నికల్లో గెలిచేవాడు. ఆ రెండిట్లో ఏది కావాలో నిలబడ్డ చోటే తేల్చుకోవలసిన ఇరకాటంలో ఆయన్ని పడేశాను. ఆ ఊరి శుభ్రత గురించి వెళ్ళొచ్చినవాళ్ళంతా మీకు చెప్పే ఉంటారు కాబట్టి నేను ఈ సంగతే చెబుతాను.

ఆంగ్ మో కియో

మా అన్నయ్య కూతురు శైలజ, అల్లుడు మురళి, వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప నిత్య ఉండేది ఆంగ్ మో కియో అనే పేటలో, పదకొండో అంతస్తు ఫ్లాటులో. కంప్యూటర్ ఉద్యోగాలు మంచి జోరుమీదున్న రోజులవి. వై టూ కే గండం గడిచిపోయింది. అమీర్‌పేటలో ఆర్నెల్ల కోర్సు చేసినవాడల్లా ఏదో ఒక విమానం ఎక్కేస్తున్నాడు. మురళి వాళ్ళ బ్లాకులోనే నాలుగు తెలుగు కుటుంబాలున్నాయి. లిఫ్టులో పోపు వాసన వస్తే ఏ ఇంట్లో ఏం కూరో నిత్య చెప్పేసేది.

అక్కడ బట్టలు ఆరేసే పద్ధతి వేరు. వెదురు గడలకు బట్టలు గుచ్చి, కిటికీ బయట గొట్టాల్లోకి ఆ గడలు దూర్చి, గాలిలోకి చాపుతారు. ఆ విద్య నాకూ వచ్చనుకుని రెండోరోజు పొద్దున్నే నా పంచె ఆరేశాను. గడ సరిగ్గా దూర్చకముందే పంచె చెయ్యిజారి వెళ్ళి ఏడో అంతస్తువాళ్ళ గడ మీద వాలింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే నిత్య, మాట చివర అక్కడివాళ్ళ 'లా' తగిలించి, "పర్లేదు లా తాతయ్యా, ఇట్ హ్యాపెన్స్" అని తన పని తాను చూసుకుంది. సాయంత్రానికి ఏడో అంతస్తు చైనా మామ్మగారు పంచెను ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పైన రెండు కమలాపళ్ళు పెట్టి మరీ తెచ్చిచ్చింది. మా హైదరాబాదు అపార్టుమెంటులో అయితే పంచె దొరకదు, దొరికినా దాంతోపాటు నాలుగు మాటలు పడాల్సి వచ్చేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మురళి అసలు విషయం ఎత్తాడు.

"మావయ్యగారూ, వచ్చే సండే మా తెలుగువాళ్ళ యాన్యువల్ డే. కమ్యూనిటీ హాల్ బుక్ చేశాం. ఒక తైవాన్ పెద్దాయనకి సన్మానం అనుకుంటున్నాం. స్టేజి సంగతి మీరు చూసుకుంటే మాకు టెన్షన్ ఉండదు."

ఆ పెద్దాయన పేరు వెన్. తైవాన్ ప్రభుత్వం తరఫున సింగపూర్లో ఉండే కార్యాలయంలో పెద్ద అధికారి. కిందటేడు మురళి కంపెనీవాళ్ళు ఇద్దరు తైవాన్లో ఒక చిప్పుల ఫ్యాక్టరీ పనిమీద వెళ్తే, వాళ్ళలో శ్రీనివాస్ అనే కుర్రాడు అపెండిసైటిస్ వచ్చి పడిపోయాడట. భాష రాదు, ఎవరూ తెలియదు. ఇక్కణ్ణుంచి మురళి ఆ కార్యాలయానికి ఫోన్ చేస్తే వెన్ గారు అప్పటికప్పుడు పది ఫోన్లు కొట్టి ఆస్పత్రిలో చేర్పించారు. అక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థి ఒకణ్ణి వెతికి పట్టుకుని, మంచం పక్కన కూర్చోబెట్టారు కూడాను. మనవాళ్ళకి కృతజ్ఞత పుడితే శాలువా కప్పితేగానీ తీరదు.

"పిలిచారా?" అని అడిగాను.

"ఈమెయిల్ పెట్టాను."

"ఈమెయిల్లో పిలిస్తే సన్మానం ఎలా అవుతుందయ్యా?" అని, శైలజ చేత ఆహ్వానపు కార్డుకి నాలుగు మూలలా పసుపు రాయించాను.

పాయా లేబర్

వెన్ గారు మమ్మల్ని ఆఫీసుకి రమ్మనలేదు. పాయా లేబర్లో, ఆఫీసుల మధ్యన ఉన్న ఒక హాకర్ సెంటర్లో కలుద్దామన్నారు. చుట్టూ చిన్న చిన్న తిండి దుకాణాలు, నడుమ అందరికీ కలిపి బల్లలు. అరవై దాటిన మనిషి, సన్నగా, పొట్టి చేతుల చొక్కాలో ఉన్నారు. ఆయన జేబులోంచి కాగితపు రుమాళ్ళ ప్యాకెట్టు తీసి ఒక బల్లమీద పెట్టి, కాఫీ తేవడానికి వెళ్ళిపోయారు. అలా పెడితే ఆ బల్ల మనదే అని అర్థమట. దాన్ని 'చోప్' చెయ్యడం అంటారని మురళి చెప్పాడు. ముందు వరసలో ఒక్క కుర్చీ కాపాడటానికి నేను పేరుపలక, తాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళని పెట్టేవాణ్ణి, అయినా ఎవరో ఒక చోటా నాయకుడు కూర్చునేవాడు. ఇక్కడ అర డాలరు ప్యాకెట్టుకి జనం పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. నాకు కొంచెం ఏడుపొచ్చింది.

ఆయన తెచ్చిన కాఫీతోపాటు కాల్చిన రొట్టెముక్కల మధ్య ఆకుపచ్చటి కొబ్బరి జామ్ ఉంది. బ్రహ్మాండంగా ఉందని నాలుగు ముక్కలు లాగించాక, అందులో గుడ్డు వేస్తారని మురళి నెమ్మదిగా చెప్పాడు. అరవై ఏళ్ళ నిష్ఠ అలా పోయింది. ఐదో ముక్క కూడా తిన్నాను.

మాటలన్నీ ఇంగ్లీషులోనే. నేను ప్రోటోకాల్ మనిషినని తెలియగానే వెన్ గారి ముఖం వెలిగింది. ఆయన తండ్రి ఒక ఓడరేవు ఊళ్ళో ఎండుచేపల కొట్టు నడిపేవాడు. ఈయన పరీక్ష రాసి విదేశాంగ శాఖలో చేరారు. మొదటి ఉద్యోగం ఆఫ్రికాలో ఒక చిన్న దేశంలో. చేరిన రెండో ఏడు, ఒకరోజు పొద్దున్న రేడియో పెడితే, ఆ దేశం ఇకపై తైవాన్‌ని కాదని పెద్ద చైనానే గుర్తిస్తుందని వార్త చదువుతున్నారట.

"అంటే మేము ఇక రాయబారులం కాదు. రాయబార కార్యాలయం ఉట్టి ఇల్లు. అందరికంటే చిన్నవాణ్ణి నేను కాబట్టి జెండా దించే పని నాకు చెప్పారు," అన్నారు. "తర్వాత ఇంకో రెండు దేశాల్లో కూడా అదే జరిగింది. అక్కడ నేను చిన్నవాణ్ణి కాదు, కానీ చెయ్యి తిరిగిన పని కదా అని నేనే దించాను."

ఆయన నవ్వుతూనే చెప్పారు. జెండా ఎగరేయించడమే తప్ప, ఇక మళ్ళీ ఎగరదని తెలిసి దించడం ఎలా ఉంటుందో నేను ఏనాడూ ఆలోచించలేదు. కాఫీ చల్లారిపోయింది.

ఆ తర్వాత విసుగొచ్చి స్వదేశం వెళ్ళి, సొంత ఊరినుంచి శాసనసభకు పోటీచేసి గెలిచారు. ఒక్క దఫాయే. రెండోసారి ఓడిపోయారు. లౌడ్‌స్పీకరు వ్యానెక్కి అరవడం ఆయనకి చేతకాలేదట. మళ్ళీ పాత శాఖకే వచ్చి, ఇలా సింగపూర్ చేరారు. ఇక్కడ ఈయన కార్డుమీద రాయబారి అని ఉండదు, కార్యాలయం మీద జెండా ఉండదు. పనులన్నీ మామూలు రాయబారివే, పేరు మాత్రం వ్యాపారపు ఆఫీసుది. ఇక్కడి ప్రభుత్వానికీ ఇబ్బంది లేకుండా, పెద్ద చైనావాళ్ళకి మాట అనే సందు దొరక్కుండా నెట్టుకురావాలి.

"ఇప్పుడు మా ఊరివాళ్ళు మళ్ళీ నిలబడమంటున్నారు," అన్నారు. "రెండు నెలల్లో పార్టీ తేలుస్తుంది. ఇన్నేళ్ళు బయట ఏం సాధించావో చూపించు అంటున్నారు. ఏం చూపించను? నేను చేసిన మంచి పని ఏదీ ఫోటోలో పడదు. పడితే అది చెడిపోయినట్టే."

కార్డు అందుకుని మూలల్లో పసుపును వేలితో తాకి చూశారు. తప్పకుండా వస్తానన్నారు. లేచేముందు నావైపు తిరిగి, "రావు గారూ, నేను మురళి స్నేహితుడిగా వస్తాను. పదవి పేరు వద్దు, జెండా వద్దు. వెనక వరసలో కూర్చుంటాను" అన్నారు.

ఇక్కడే నా కొంప మునిగింది. ముప్పై ఒక్కేళ్ళలో "నాకు ఏ హడావుడీ వద్దండీ" అనని మంత్రిని నేను చూడలేదు. ఆ మాట నమ్మి హడావుడి చెయ్యని కలెక్టరు బదిలీ అయిపోయేవాడు. మన పంక్తిలో విస్తరిమీద చెయ్యి అడ్డంపెట్టి వద్దన్నవాడికే కదా ఇంకో గరిటె వడ్డిస్తాం. ఎంత సంస్కారం ఈయనకి అనుకున్నాను. ఈ మనిషికి జీవితంలో ఒక్కసారైనా జెండా పెట్టి మర్యాద చెయ్యాలని ఆ బల్ల దగ్గరే నిశ్చయించుకున్నాను.

సెరంగూన్ రోడ్డు

లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద నడుస్తుంటే దేశం దాటినట్టే ఉండదు. మల్లెపూలు, కరివేపాకు, ఇంటికి డబ్బు పంపే కొట్లు. అరటాకు భోజనం ఐదు డాలర్లు, మన లెక్కలో నూటపాతిక. హైదరాబాదులో ఆ డబ్బుకి ముగ్గురం తినొచ్చని నేను మొత్తుకుంటే శైలజ, "బాబాయ్, ప్లీజ్, కన్వర్ట్ చెయ్యడం ఆపు. ఇలా అయితే ఇక్కడ నీళ్ళు కూడా తాగలేవు" అని కసిరింది. సాంబారు మూడుసార్లు పోశారు కాబట్టి ఊరుకున్నాను.

ఒక సందులో పెద్దవయసు తమిళ టైలరు దొరికాడు. నిత్య ఇంటర్‌నెట్లో తీసిచ్చిన బొమ్మ చూపించాను. ఎర్రటి గుడ్డ, మూలన నీలం గడి, అందులో పన్నెండు కిరణాల తెల్లటి సూర్యుడు. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఎంద ఊరు జెండా సార్ ఇది?"

శైలజ తమిళంలో చెప్పింది. ఆయన కొట్లోని ఎర్రగుడ్డ ఒకటి తడిమి చూసి, వచ్చీరాని తెలుగులో నాతో అన్నాడు. "సార్, ఇంటి లోపల పెట్టుకుంటే మీ ఇష్టం. బయట పదిమంది ముందర కడితే పర్మిట్ అడుగుతారు ఇక్కడ. ఏ దేశం జెండా అయినా. చూసుకోండి."

"బాబాయ్, మురళిని ఒకసారి అడుగుదామా?" అంది శైలజ.

జెండాల సంగతి నాకు ఒక టైలరు చెప్పడమేమిటి అనుకున్నాను. అడగక్కర్లేదన్నాను. పద్దెనిమిది డాలర్లకి శనివారానికల్లా కుట్టిచ్చాడు. కిరణాలు ఒక్కటి కూడా వంకర పోలేదు, పనిమంతుడు.

కమ్యూనిటీ హాలు

ఆదివారం పదకొండింటికి కార్యక్రమం. నేను ఎనిమిదింటికే హాల్లో ఉన్నాను. వేదిక మధ్య కుర్చీ వీపుకి కొత్త టర్కీ తువ్వాలు కప్పాను. వెనక బ్యానరు: 'తైవాన్ రాయబారి మహామహిమ శ్రీ వెన్ గారికి ఘన సన్మానం'. కింద అదే ఇంగ్లీషులో. వేదికకి ఒక పక్క మన జెండా, ఒక పక్క సింగపూర్ జెండా, కుర్చీ వెనక కర్రకి టైలరు కుట్టినది. మురళి వంటలవాళ్ళ దగ్గర పరుగులు పెడుతూ వీటిని సరిగ్గా చూడనే లేదు. మెడలో కెమెరా మాత్రం వేసుకున్నాడు.

పదకొండు అంటే మనవాళ్ళకి పన్నెండున్నర. వెన్ గారు మాత్రం పదకొండుకి పది నిమిషాల ముందే, రైలు దిగి ఒంటరిగా నడిచి వచ్చారు. హాల్లో నేనూ మురళీ శైలజా, మైకు సరిచేసేవాడు, కుర్చీల మధ్య ఆడుకుంటున్న నిత్య.

ఆయన తలుపు దగ్గరే ఆగిపోయారు. తర్వాత నెమ్మదిగా వేదిక ఎక్కారు. జెండా ముందు నిలబడి, గుడ్డ అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు. మావైపు తిరిగేసరికి ఆయన వీపు నిటారుగా అయింది, చేతులు పక్కలకి వచ్చాయి. ఆ కాసేపు నేను ఫోటోల్లో చూసిన రాయబారులందరికంటే ఆయనే రాయబారిలా ఉన్నారు. మురళి కెమెరా క్లిక్కుమంది.

ఆ చప్పుడుకి ఆయన ఉలిక్కిపడ్డారు.

"మురళీ, ముందు ఆ తలుపు వెయ్యి," అన్నారు. తలుపు వేశాక నన్ను పక్కకి పిలిచారు. గొంతు పెంచలేదు.

"రావు గారూ, ఈ ఫోటో మా ఊరు చేరితే నేను గెలుస్తాను. సందేహం లేదు. పరాయి దేశంలో మన జెండా కింద నిలబడ్డాడు, రాయబారి అని రాయించుకున్నాడు అంటే ఓట్లు వాటంతటవే పడతాయి. ఇక్కడి పత్రికవాళ్ళకి చేరితే ఇంకోటి జరుగుతుంది. ఫిర్యాదు వస్తుంది. నన్ను వెనక్కి పిలిపిస్తారు, అది నా సంగతి. కానీ ఈ హాలు చూసుకునే ఆయన జవాబు చెప్పాలి. ఉద్యోగపు పాసుల మీద ఇక్కడుంటున్న మురళీవాళ్ళు జవాబు చెప్పాలి. మళ్ళీ మీ కుర్రాడెవరైనా జబ్బుపడితే నేను ఫోన్ చేసేచోట ఎవరూ ఫోన్ ఎత్తరు."

మురళి కెమెరాకి మూత పెట్టేశాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"మీరు వద్దన్నది మర్యాదకి అనుకున్నాను," అన్నాను. "మా దగ్గర అలాగే అంటారు."

ఆయన నవ్వేశారు. "నా మాట చాలామంది కాదన్నారు. ఇంత గౌరవంగా ఎవరూ కాదనలేదు."

నేను గబగబా జెండా దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి పట్టి ఆపారు. "ఆగండి, నేను చేస్తాను. మీకు అలవాటు లేని పని."

తాడు ముడి విప్పి, జెండాను నేలకి తగలనివ్వకుండా చేతిమీదికి తీసుకున్నారు. నిలువుగా ఒక మడత, మళ్ళీ ఒక మడత, సూర్యుడు పైకి వచ్చేలా ఇంకొకటి. తొందరేమీ లేదు. మూడు దేశాల్లో చేసిన పని, ఇది నాలుగోసారి. నా కళ్ళు నిండిపోయాయి, దాచుకోలేదు.

"ఇది నేను తీసుకెళ్ళవచ్చా?" అని అడిగి తన సంచిలో పెట్టుకున్నారు. బ్యానరు నేనూ మురళీ పీకేశాం. తక్కిన జెండాలు, తువ్వాలు కూడా తీసేశాను. జనం వచ్చేసరికి వెనక ఉట్టి గోడ. వెన్ గారు రెండో వరసలో ఒక పెద్దావిడ పక్కన కూర్చుని పులిహోర తిన్నారు. మురళి మైకులో "మా ఫ్రెండ్ మిస్టర్ వెన్" అని మాత్రం అన్నాడు. శ్రీనివాస్ వచ్చి శాలువా కప్పి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన కంగారుపడి తాను కూడా వంగారు. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. హాలంతా నవ్వింది.

ఫోటోల కొట్టు ముందు

నేను బయల్దేరేముందు రోజు మురళి రీలు కడిగించాడు. వెన్ గారు సాయంత్రం ఆంగ్ మో కియో వచ్చారు. కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని ఆ ఒక్క ఫోటో చాలాసేపు చూశారు. అచ్చు ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. జెండా, ఆయన, వెనక పూర్తిగా కనబడుతున్న 'హిజ్ ఎక్సలెన్సీ'.

"చింపేద్దాం అంకుల్," అన్నాడు మురళి. "నెగెటివ్ కూడా కట్ చేసేస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. చింపడానికి చేతులు రావడం లేదని ముఖమే చెబుతోంది. కొంతసేపటికి ఫోటోనీ నెగెటివునీ కవర్లో పెట్టి నాకిచ్చారు.

"నా దగ్గరుంటే వాడేస్తాను. నన్ను నేను ఎరుగుదును, నేను రాజకీయాల్లో కూడా ఉన్నవాణ్ణి. మీరు తీసుకెళ్ళండి. ఎన్నికలయ్యేదాకా నాకు ఇవ్వకండి."

విమానంలో ఆ కవరు చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. పాస్‌పోర్టు మాత్రం పైన సంచిలో పడేశాను.

హైదరాబాదు

తర్వాత సంగతులు మురళి ఫోన్లలో తెలిశాయి. పార్టీ టికెట్టు ఇచ్చింది, వెన్ గారు ఉద్యోగానికి రాజీనామా చేసి వెళ్ళిపోయారు. ప్రచారం నడిచినన్నాళ్ళూ బీరువా తీసినప్పుడల్లా ఆ కవరు చూసేవాణ్ణి. పంపేద్దామని రెండుసార్లు చిరునామా కూడా రాశాను. ఆయన గెలవాలని నాకు ఎంత కోరికగా ఉండేదో, నా సొంత అన్న పోటీచేసినా అంత ఉండేది కాదు. పంపలేదు.

ఒక ఉదయం నేను కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. ఆయనే.

"ఓడిపోయాను," అన్నారు. "కొద్దిలోనే."

అడగకూడనిదే అడిగాను. "ఆ ఫోటో ఉండుంటే?"

"గెలిచేవాణ్ణి," అన్నారాయన, తడుముకోకుండా. బాధపడుతున్నట్టు లేదు. "మీ దగ్గర ఇంకా ఉందా?"

"ఉంది."

"ఇప్పుడు పంపండి. ఇక దానితో ఎవరికీ పనిలేదు. నా భార్య చూస్తానంటోంది. మూడు దేశాల్లోనూ నేను బయట జెండా దించేటప్పుడు ఆవిడ లోపల సామాన్లు సర్దుతూ ఉండేది. నేను జెండా కింద నిలబడి ఉండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు."